48 అంగుళాల గీత

వినోద వనాల గురించీ, వాటిలో తిరిగే యంత్రాల గురించీ విమర్శ వ్యాసం ఏమిటని కొందరు మిత్రులు నొసలు చిట్లించవచ్చు. తిండికీ బట్టకూ సంబంధించిన సమస్యలు తీరకుండా ఉండగా రంగులరాట్నాల మీద చర్చ దేనికని అడిగేవారు మనలో ఎప్పుడూ ఉన్నారు. 1886లో చికాగో కార్మికులు ఎనిమిది గంటల పనిదినం కోసం వీధికెక్కినప్పుడు వారి లెక్కలో మూడు భాగాలుండేవి: పనికి ఎనిమిది గంటలు, నిద్రకు ఎనిమిది గంటలు, మిగిలిన ఎనిమిదీ తమ ఇష్టానికి. ఆ మూడో భాగం కోరటం చిన్నతనమని వారనుకోలేదు. దాన్ని సంపాదించిన తరువాత అది ఎవరి చేతుల్లోకి పోయిందో విచారించటం మాత్రం చిన్నతనం ఎట్లా అవుతుంది?

విషయానికి వస్తాను. అమెరికాలోనూ, ఇంగ్లండులోనూ పేరుమోసిన కొన్ని థీమ్ పార్కులు గుండె జలదరింపు మీదనే బతుకుతున్నాయి. కాలిఫోర్నియాలోని మేజిక్ మౌంటెన్‌లో దాదాపు 20 రోలర్ కోస్టర్లున్నాయి. ఒహాయో రాష్ట్రంలో ఈరీ సరస్సు ఒడ్డున 1870 నుంచీ ఉన్న సీడార్ పాయింట్‌దీ ఇదే కీర్తి. పెద్ద కోస్టరు ద్వారం దగ్గరల్లా ఒక కొలబద్ద నిలబెట్టి ఉంటుంది. దానిమీద సాధారణంగా 48 అంగుళాల దగ్గర, మరీ భయంకరమైన వాటికి 52, 54 అంగుళాల దగ్గర గీత. ఆ గీతకు తల తగలని పిల్లవాడు వెనక్కి తిరగాలి. పిల్లవాడు తిరిగితే వాడి చెయ్యి పట్టుకున్న మనిషీ తిరగాలి. ఆ మనిషి చాలాసార్లు తల్లే.

ఆ గీతను నేను తప్పుపట్టటం లేదు. ఒడిని అదిమిపట్టే కడ్డీ ఒక స్థాయి శరీరానికి సరిపోయేట్టు తయారవుతుంది. అంతకన్న చిన్న శరీరం దాని కిందనుంచి జారిపోగలదు. గుండెజబ్బువారూ, గర్భిణులూ, నడుంనొప్పి వాళ్ళూ ఎక్కవద్దని బోర్డు రాయటమూ న్యాయమే. నా ఫిర్యాదల్లా గీతకు అవతల ఖర్చుపెట్టిన దానికీ, ఇవతల ఖర్చుపెట్టిన దానికీ ఉన్న తేడా గురించి. అవతల ఉక్కు పర్వతాలు. ఇవతల ఒక మూల నాలుగు చిన్న కార్లు, ఒక బుల్లి రైలు, పసిపిల్లలను కూచోబెట్టి గుండ్రంగా తిప్పే రెండు గిన్నెలు. కంచె పక్కన నిలబడి చేతులూపే తల్లిదండ్రులు. దీన్నే "పిల్లల విభాగం" అంటారు.

ఇది యంత్రయుగపు స్వభావమనీ, పెద్ద యంత్రమంటే భయంకరమైన యంత్రమే అయి తీరాలనీ కొందరు వాదిస్తారు. చరిత్ర అట్లా చెప్పటం లేదు. ఇందాక చెప్పిన చికాగోలోనే, కార్మికుల సమ్మె జరిగిన ఏడేళ్ళకు, 1893 ప్రపంచ ప్రదర్శనలో ఫెర్రిస్ అనే ఇంజనీరు 264 అడుగుల చక్రం నిలబెట్టాడు. దానికి 36 పెట్టెలు. పెట్టెకు 60 మంది చొప్పున ఒక్కసారికి 2,160 మంది ఎక్కవచ్చు. ఆనాటికి అది మహాద్భుతం. కాని అందులోకి చంకలో పిల్లతో తల్లి ఎక్కింది, కర్ర పట్టుకున్న ముసలివాడు ఎక్కాడు. ప్రదర్శన మొత్తంలో అందరికన్న ఎత్తున తిరిగే యంత్రం అందరినీ ఎక్కించుకోగలిగింది. మన జాతరల్లోని జెయింట్ వీల్ దాని మనుమరాలే. కాబట్టి ఎత్తుకూ కుటుంబానికీ పుట్టుకతో వైరం ఏమీ లేదు. వైరం పెట్టింది మరొకటి.

అదేమిటో తెలియాలంటే సీడార్ పాయింట్ చరిత్రలో 14 ఏళ్ళు చూస్తే చాలు. 1989లో అక్కడ మాగ్నమ్ అనే కోస్టరు 205 అడుగుల ఎత్తున లేచింది. బయలుదేరిన చోటికి తిరిగివచ్చే కోస్టర్లలో 200 అడుగులు దాటినది అదే మొదటిది. 2000లో మిలీనియం ఫోర్స్, 310 అడుగులు. 2003లో టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్, 420 అడుగులు, గంటకు 120 మైళ్ళ వేగం. దీనికి రెండున్నర కోట్ల డాలర్లు పోశారు. ఎక్కినవాడికి దక్కేది 17 సెకన్లు. రెండేళ్ళు తిరిగేసరికి న్యూజెర్సీలోని గ్రేట్ అడ్వెంచర్ పార్కు 456 అడుగుల కింగ్డా కాతో ఆ రికార్డు లాగేసుకుంది. ఈ అదనపు 36 అడుగులవల్ల ఎక్కినవాడికి ఒరిగిన ఆనందమెంతో చెప్పటం కష్టం గాని, ప్రకటన రాసేవాడికి ఒరిగిన ఆనందం స్పష్టమే. ఎత్తును అంకెలో చెప్పవచ్చు. వేగాన్ని అంకెలో చెప్పవచ్చు. అవ్వ పక్కన కూచుని మనుమడు నవ్విన నవ్వుకు అంకె లేదు. సరుకు అమ్ముకునేవాడికి అంకె ఉన్నదే సరుకు.

ఈ రికార్డుల గతి ఏమయింది? 2021 ఆగస్టులో డ్రాగ్‌స్టర్ బండినుంచి ఊడిన లోహపు ముక్క క్యూలో నిలబడి ఉన్న ఒక స్త్రీ తలకు తగిలి ఆమె తీవ్రంగా గాయపడింది. ఆ యంత్రం ఆగిపోయింది. దాన్నే మార్చి 2024 మేలో తిరిగి తెరిస్తే వారం రోజులకే మూతపడి, మళ్ళీ 2025లో గాని నడవలేదు. కింగ్డా కా 2024లో ఆగిపోయింది. 2025 ఫిబ్రవరిలో పేలుడు పదార్థాలు పెట్టి దాన్ని కూల్చారు. ఇరవై ఏళ్ళు నిండలేదు. కోపెన్‌హాగెన్‌లోని టివోలి తోటలో 1914లో కట్టిన కర్ర కోస్టరు ఒకటుంది. కొండల బొమ్మల మధ్యగా పోతుంది. బండిమీదే ఒక మనిషి కూచుని మరతో బ్రేకు వేస్తూ ఉంటాడు. అదింకా నడుస్తూనే ఉంది. తాత ఎక్కిన బండిని మనుమడూ, వాడి మనుమడూ ఎక్కుతున్నారు. డబ్బు లెక్కే కావాలన్నా, ఈ రెంటిలో ఏది మంచి వ్యాపారమో అకౌంటెంటు లేకుండానే తెలుస్తుంది. అయినా పార్కులు రికార్డుల వెంటనే ఎందుకు పడ్డాయంటే, రికార్డు ఈ ఏడు గేటు దగ్గరికి జనాన్ని రప్పిస్తుంది. ఈ ఏటి లెక్కల మీద బతికే కంపెనీకి నూరేళ్ళ బండితో పనేమిటి?

ఇక్కడ టిక్కెట్టు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అసలు కీలకం అందులో ఉందని నా అభిప్రాయం.

న్యూయార్కు పక్కనున్న కోనీ ఐలండ్‌లో 1884లో థాంప్సన్ అనే ఆయన మొదటి కోస్టరు పెట్టినప్పుడు అది గంటకు ఆరు మైళ్ళ వేగంతో పోయేది. ఎక్కటానికి ఐదు సెంట్లు. ఎక్కినవాడు ఇచ్చాడు, ఎక్కనివాడు ఇవ్వలేదు. మన తిరునాళ్ళలో రంగులరాట్నం పద్ధతి కూడా ఇదే. 1955లో డిస్నీలాండ్ తెరిచినప్పుడు సైతం లోపల ఒక్కొక్క దానికీ వేరే టిక్కెట్టు ఉండేది. టిక్కెట్ల పుస్తకాలు అక్కడ 1982 దాకా నడిచాయి. 1961లో టెక్సాస్‌లో సిక్స్ ఫ్లాగ్స్ మొదటి పార్కు తెరిచిన ఆంగస్ విన్, గేటు దగ్గరే ఒక్క ధర పుచ్చుకుని లోపల ఎన్నయినా ఎక్కనిచ్చే పద్ధతికి ప్రాచుర్యం తెచ్చాడు. పైకి ఇది ఎంతో ప్రజాస్వామికంగా కనిపించింది. జేబులో నాణాలు లెక్కపెట్టుకుంటూ, ఏది ఎక్కాలో ఏది మానుకోవాలో తేల్చుకోలేక పిల్లవాడు ఏడవనక్కర్లేదు. ఇందులో నిజం లేకపోలేదు.

కాని ఒక్క ధర న్యాయం కావాలంటే లోపల ఉన్నది అందరికీ ఉండాలి. అట్లా లేనప్పుడు ఏమవుతుంది? పదిహేడేళ్ళ కుర్రవాడు రోజంతా పది కోస్టర్లెక్కుతాడు. నాలుగేళ్ళ పిల్లతో వచ్చిన తల్లి అదే ధర ఇచ్చి సంచులు కాస్తుంది. పిల్లలకూ, వృద్ధులకూ కొన్ని పార్కులు తగ్గింపు ఇస్తాయి. సంచులు కాసే మనిషికి మాత్రం తగ్గింపు ఇచ్చినట్టు నేను వినలేదు. అంటే డ్రాగ్‌స్టర్ మీద పోసిన రెండున్నర కోట్ల డాలర్లలో దాన్ని కన్నెత్తి చూడటానికి కూడా భయపడే అవ్వల సొమ్ము కూడా ఉంది. గుండె జలదరింపు కోరే కుర్రవాడు తన ఆనందానికి తానే డబ్బిచ్చుకుంటున్నాననుకుంటాడు. కొంత వాళ్ళమ్మ ఇస్తున్నది.

దీనికి విరుగుడుగా తల్లిదండ్రులు వంతులు మార్చుకోవచ్చుననీ, ఒకరు ఎక్కి వచ్చేదాకా రెండోవారు పిల్లను పట్టుకుంటే ఆ రెండోవారిని మళ్ళీ క్యూలో నిలబెట్టకుండా పంపుతామనీ పార్కులవారు అంటారు. మంచి ఏర్పాటే. దీనివల్ల భార్య ఒంటరిగా ఎక్కుతుంది, భర్త ఒంటరిగా ఎక్కుతాడు, పిల్ల అసలు ఎక్కదు. కుటుంబం కలిసి వచ్చి, ముగ్గురూ మూడు దారులుగా వినోదించి ఇంటికి పోవచ్చు.

పెన్సిల్వేనియాలో నోబెల్స్ అనే పార్కు 1926 నుంచీ నడుస్తున్నది. అక్కడ ప్రవేశానికి డబ్బు లేదు, బండి నిలపటానికీ లేదు, ఎక్కినదానికే టిక్కెట్టు. మంచి కర్ర కోస్టరూ ఉంది, 1913 నాటి రంగులరాట్నమూ ఉంది. అవ్వ చెట్టుకింద కూచుంటే ఆమెకు ఖర్చు లేదు. ఈ పద్ధతిలో యజమానికి ఒక నిర్బంధం ఉంది: అవ్వ దగ్గర డబ్బు రావాలంటే అవ్వ ఎక్కగలిగేది ఏదో పెట్టాలి. గేటు దగ్గరే డబ్బు పుచ్చుకున్నవాడికి ఆ నిర్బంధం లేదు. థ్రిల్లు పార్కులలో కుటుంబాలకు చోటెందుకు లేదో దీన్నిబట్టి బోధపడుతుంది. యజమానులకు కుటుంబాలమీద ద్వేషమేమీ లేదు. వాళ్ళ డబ్బు ఎట్లాగూ వస్తున్నది, అంతే.

ఆ ఒక్క ధర అయినా ఇప్పుడు ఒక్కటిగా లేదు. మరికొంత ఇస్తే క్యూ తప్పించి ముందుకు పంపే టిక్కెట్టు సీడార్ పాయింట్‌లోనూ ఉంది, సిక్స్ ఫ్లాగ్స్ పార్కుల్లోనూ ఉంది. వెనక నిలబడినవాడి కాలాన్ని ముందుకు పోయేవాడికి అమ్ముతున్నారన్నమాట. వెనకవాడిని అడగలేదు, వాడికి వాటా కూడా లేదు.

"కుటుంబాలు మా దగ్గరికి రావు, కుర్రకారే వస్తారు, అందుకే కుర్రకారుకు కావలసినవి పెడతాం" అనే వాదన ఎప్పుడూ వినపడేదే. మాంసం తప్ప వండని హోటలువాడు శాకాహారులు నా హోటలుకు రారు గనక కూరలు వండటం దండగ అన్నట్టుంది ఇది. ఇంకొందరు, కుటుంబాలకు డిస్నీ ఉంది గదా, వీటి జోలికెందుకు అంటారు. డిస్నీలాండ్‌లో రద్దీ రోజుల్లో ఒక మనిషి ఒక రోజు టిక్కెట్టు ఇప్పుడు 200 డాలర్లు దాటింది. నలుగురున్న కుటుంబానికి 800 డాలర్లు; తిండి వేరు, గది వేరు, ప్రయాణం వేరు. ఇంటినుంచి రెండు మూడు గంటల్లో కారులో పోయి సాయంత్రానికి తిరిగిరాగల పార్కే కూలి చేసుకునేవాడి పార్కు. ఫ్యాక్టరీ పనివాడు, ట్రక్కు తోలేవాడు, ఆసుపత్రిలో రాత్రిపాళీ చేసే నర్సు ఏడాదికొక రోజు పిల్లల్ని తీసుకుపోయేది అక్కడికే. ఆ పార్కులో కుటుంబానికి చోటు లేకపోతే వాళ్ళకు మరో చోటు లేదు. ఇది అభిరుచుల సమస్య కాదనటానికి కారణం ఇదే.

ఇంతలో ఒక విచిత్రం జరిగింది. కుటుంబాలు కావాలని పార్కుల యజమానులే అనటం మొదలుపెట్టారు. 2021 చివర సిక్స్ ఫ్లాగ్స్ అధిపతిగా వచ్చిన సెలీమ్ బసూల్, తమ పార్కులు యుక్తవయసు పిల్లలను చవకగా వదిలిపెట్టి పోయే సంరక్షణ కేంద్రాల్లాగా తయారయ్యాయని 2022లో వాటాదార్ల ముందు వాపోయాడు. ఇకమీదట కుటుంబాలను రప్పిస్తామన్నాడు. వింటే మనం చెప్పే మాటే చెపుతున్నట్టుంటుంది. అయితే ఆయన కుటుంబాలను రప్పించటానికి తీసుకున్న ముఖ్యమైన చర్య ఏమిటి? ధరలు పెంచటం, తగ్గింపులు తీసివెయ్యటం. చవకరకం దుకాణాలకు పోయే ఖాతాదార్లను వదిలి, అంతకన్న ఒక మెట్టు పైనున్న దుకాణానికి పోయేవారి దిశగా కంపెనీని నడిపిస్తున్నానని ఆయనే దుకాణాల పేర్లతో సహా చెప్పాడు. వాల్‌మార్ట్ మనుషులు వద్దు, టార్గెట్ మనుషులు కావాలి. 2021లో 2 కోట్ల 77 లక్షలున్న సందర్శకుల సంఖ్య 2022లో 2 కోట్ల 5 లక్షలకు దిగింది.

"కుటుంబం" అనే మాట ఎంత జారుడు మాటో చూడండి. కంపెనీ భాషలో కుటుంబమంటే డబ్బు సంచీ ఉన్న పెద్దమనిషీ, ఆయన వెంట తిండీ బొమ్మలూ కొనిపించే పిల్లలూను. సీజను టిక్కెట్టు చేతబట్టుకుని ఒంటరిగా వచ్చిన పదహారేళ్ళ బీదపిల్ల కుటుంబం కాదు! ఆ పిల్ల తల్లి శనివారం కూడా పనిలో ఉంటుంది గనక ఆ పిల్ల ఒంటరిగా వచ్చింది. తల్లికి సెలవుంటే ఇద్దరూ కలిసే వచ్చేవారు. పార్కుల్లో కుటుంబాలకు చోటు కావాలని మనం అన్నప్పుడు, కుర్రకారును గెంటి ఆ చోటు చెయ్యమని కాదు. ఈ రెండు కోరికలూ ఒక్కటే అన్నట్టు భ్రమ కల్పిస్తారు; పాఠకులు జాగ్రత్తగా ఉండాలి. తన రక్తం ఉరకలెత్తాలని కుర్రవాడు కోరటంలో తప్పేమీ లేదు. చెట్టెక్కి దూకటం, బావిలోకి ఉరకటం మన పల్లెల్లో మాత్రం లేవా? కోస్టర్లు కూలగొట్టమని నేననటం లేదు. ఇక ముందు పోసే కోట్లు గీతకు ఇవతల పొయ్యమంటున్నాను.

ఇవతల పొయ్యటమంటే పిల్లల మూలను ఇంకాస్త పెంచటమని అర్థం చెప్పుకోవటం మరొక పొరపాటు. పిల్లల ఆట వేరు, కుటుంబపు ఆట వేరు. మొదటిదాంట్లో పిల్ల తిరుగుతుంది, తల్లి చూస్తుంది. రెండోదాంట్లో ఇద్దరూ పక్కపక్కన కూచుంటారు. తన కూతుళ్ళు లాస్ ఏంజిలిస్ గ్రిఫిత్ పార్కులో రంగులరాట్నమెక్కితే తాను బెంచీమీద వేరుసెనగలు నములుతూ కూచోవలసి వచ్చిందనీ, ఆ చిరాకులోనే డిస్నీలాండ్ ఆలోచన పుట్టిందనీ వాల్ట్ డిస్నీ చెప్పుకునేవాడు. ఆయన సంఘాలకు శత్రువు. 1941లో తన స్టూడియోలో సమ్మె చేసిన చిత్రకారులమీద పగబట్టాడు. అయినా ఈ బెంచీ సంగతి ఆయన సరిగానే గ్రహించాడనాలి. పెద్దలు బెంచీమీద మిగిలిపోకుండా ఉండటమే అసలు పరీక్ష. పార్కుచుట్టూ తిరిగే రైలు, చీకటి గదులగుండా బొమ్మల కథల మధ్యకు పోయే పడవ, పిల్ల కెవ్వుమని తల్లి భుజం పట్టుకునేంత వేగంతో, అంతకు మించని వేగంతో పోయే చిన్న కర్ర కోస్టరు. ఇవన్నీ ఎప్పుడో కనిపెట్టినవే.

హాలెండులోని ఎఫ్టెలింగ్ పార్కు ఈ విషయంలో నాకు చాలా నచ్చుతుంది. దాని యజమాని 1950లో ఏర్పడిన ఒక ధర్మసంస్థ. 1952లో చిత్రకారుడు ఆంటోన్ పీక్ గీసిన బొమ్మల ప్రకారం అడవిలో పది అద్భుతకథలను నిలబెట్టి తెరిచారు. అక్కడ ఎక్కవలసిన యంత్రమేమీ లేదు. చెట్లమధ్య నడుచుకుంటూ చూడటమే. చిత్తుకాగితాలు నోట్లో వెయ్యమని అడిగే లావుపాటి బొమ్మలున్నాయి; పిల్లలు నేలమీద చెత్త వెదికి మరీ తెచ్చి వేస్తారు. 1981లో అక్కడ తలకిందులయ్యే కోస్టరు కూడా వచ్చింది, తరువాత మరికొన్ని వచ్చాయి. కుర్రకారూ పోతారు, అవ్వలూ పోతారు. ఏడాదికి 50 లక్షలమందికి పైగా పోతున్నారు. లాభం వాటాదారులు పంచుకునే పార్కుకూ, అట్లా పంచుకోని పార్కుకూ తేడా ఉంటుందని సిద్ధాంతం చెప్పనక్కర్లేదు, నడిచి చూస్తే కనిపిస్తుంది.

వ్యాపార పార్కులు కుటుంబాలవైపు తిరిగినప్పుడు సాధారణంగా చేసేది మరొకటి: టెలివిజన్ బొమ్మల్ని అద్దెకు తెచ్చుకోవటం. లండన్ దగ్గర థోర్ప్ పార్కులో ఒకప్పుడు నిజమైన మేకలూ కోళ్ళూ ఉన్న చిన్న పొలం ఉండేది. కోస్టర్లు వరసగా లేచిన కాలంలో అది మూతపడింది. 2014లో పిల్లలకోసమని ఫోనుల్లో ఆడే ఆంగ్రీ బర్డ్స్ ఆట పేరుతో ఒక విభాగం తెరిచారు. కోడిని తీసేసి కోపిష్టి పిట్ట బొమ్మను పెట్టటం! అదే సంవత్సరం ఆల్టన్ టవర్స్‌లో బీబీసీ పిల్లల కార్యక్రమాల పేరుతో మరొకటి. ఇట్లాంటిచోట ఆట అయిపోయి బయటికి వచ్చే దారి చాలాసార్లు బొమ్మల దుకాణంలోనుంచే ఉంటుంది. పిల్లవాడి కంటిముందు పెట్టి తల్లి చేత కొనిపించే ఈ పద్ధతిని కుటుంబ సంక్షేమమంటే నేనొప్పుకోను.

"కుటుంబపు ఆట" అనే ముద్ర ఉన్నంతమాత్రాన క్షేమమనుకోవటమూ ప్రమాదమే. 2016 అక్టోబరు 25న ఆస్ట్రేలియాలో డ్రీమ్‌వరల్డ్ పార్కులో నలుగురు చనిపోయింది ఏ కోస్టరు మీదనో కాదు, నీళ్ళలో తెప్పమీద పోయే ఆటలో. నీటిపంపు ఆగి, మట్టం తగ్గి, ఒక తెప్ప ఇరుక్కుంటే వెనక తెప్ప వచ్చి గుద్దింది. ఆ పంపు ఆ రోజే అంతకుముందు రెండుసార్లు ఆగిపోయింది. 2020లో కంపెనీకి 36 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా పడింది. అంతకు ముందటి ఏడు, 2015 జూన్ 2న, ఆల్టన్ టవర్స్‌లో 14 సార్లు తలకిందులయ్యే స్మైలర్ కోస్టరులో, దారిలో నిలిచిపోయిన ఖాళీ బండిని గమనించక, కంప్యూటరు ఆపిన బండిని మనుషులు వదిలారు. పదహారుమంది గాయపడ్డారు; ఇద్దరు యువతులకు ఒక్కొక్క కాలు తీసివెయ్యవలసి వచ్చింది. 50 లక్షల పౌండ్ల జరిమానా. తప్పు మీట నొక్కిన మనుషులది కాదు, వాళ్ళకు సరయిన శిక్షణా, పద్ధతీ ఏర్పరచని కంపెనీది అని కోర్టు తేల్చింది. ఒకటి మెత్తని ఆట, ఒకటి భీకరమైన ఆట. రెంటిలోనూ లోపించింది ఒక్కటే: యంత్రం దగ్గర నిలబడినవాడికి శిక్షణ, వాడికి పని ఆపే అధికారం. వేసవి నాలుగు నెలలకు తెచ్చుకుని పంపేసే కుర్రవాళ్ళతో నడిపేచోట మన పిల్లలను ఎక్కించేముందు వాళ్ళ జీతమెంత, ఎన్ని గంటలు నిలబడ్డారు అని అడగటం తల్లిదండ్రుల హక్కు.

మనవాళ్ళలో శుద్ధవాదులకు కూడా ఒక మాట. 1906లో మక్సీమ్ గోర్కీ అమెరికా వెళ్ళి, కోనీ ఐలండ్ చూసి, ఆ దీపాల వెలుగు వెనక విసుగు తప్ప ఏమీ లేదని ఘాటైన వ్యాసం రాశాడు. ఆయన చూసిందాంట్లో సత్యముంది: అలిసిపోయిన జనానికి మత్తు అమ్ముతున్నారు. కాని ఐదు సెంట్ల నాణెం పట్టుకుని, ఆరు రోజుల కుట్టుపని తరువాత సముద్రపు గాలికోసం అక్కడికి వచ్చిన వలస కుటుంబాలు విసుగు వెతుక్కుంటూ రాలేదు. అమ్మేవాడి స్వభావాన్ని కొనేవాడికి అంటగట్టరాదు. 1928లో మాస్కోలో తెరిచిన సంస్కృతీ విశ్రాంతుల పార్కుకు నాలుగేళ్ళ తరువాత పెట్టింది ఆ గోర్కీ పేరే. అందులోనూ జెయింట్ వీల్ తిరిగింది.

ఇక మన సంగతి. వేసవిలో కొడుకుల దగ్గరికీ కూతుళ్ళ దగ్గరికీ అమెరికా వెళ్ళే తెలుగు తల్లిదండ్రులు ఇప్పుడు వేలల్లో ఉన్నారు. వాళ్ళను సరదాగా ఈ పార్కులకు తీసుకుపోతారు. అత్తగారు బెంచీమీద కూచుని అందరి చెప్పులూ ఫోనులూ నీళ్ళ సీసాలూ కాస్తుంది. "మీరు కూడా ఎక్కండత్తయ్యా" అని కోడలు అననే అంటుంది, ఎక్కటానికేముంది? హైదరాబాదులో రావిర్యాల దగ్గర 2016లో వండర్‌లా తెరిచారు. పిల్లలవీ, అందరూ ఎక్కేవీ అక్కడ లేకపోలేదు. కాని ప్రకటనలకెక్కేది వెనక్కీ ముందుకూ తలకిందులుగా తిప్పే రీకాయిల్ వంటివే. గేటు దగ్గర ఒక్క ధర, పైన క్యూ తప్పించే టిక్కెట్టు. అమెరికా నమూనా మొత్తం దిగింది.

అదే ఊళ్ళో 1938 నుంచీ నుమాయిష్ జరుగుతున్నది. ఏటా జనవరి మొదటి తేదీన నాంపల్లిలో మొదలై నెలన్నర ఉంటుంది. గేటుకు చిన్న టిక్కెట్టు. లోపల జెయింట్ వీల్, చిన్న రైలు, మరేదయినా సరే ఎక్కినవాడే ఇస్తాడు. ముసలమ్మ మిరపకాయ బజ్జీలు తింటూ మనుమరాలిని చూస్తుంది, ఓపికుంటే ఆమె కూడా రైలెక్కుతుంది. నిర్వహించే ఎగ్జిబిషన్ సొసైటీ దాని రాబడితో కాలేజీలు నడుపుతున్నది. వాటిలో ఆడపిల్లల కాలేజీలున్నాయి. నుమాయిష్‌లో దుమ్ము లేదనీ, తొక్కిడి లేదనీ నేననను. 2019 జనవరిలో అక్కడ అగ్నిప్రమాదం జరిగి దుకాణాలు బూడిదయ్యాయి. ఆటలు నడిపే కాంట్రాక్టర్ల యంత్రాల తనిఖీ ఇంకా గట్టిగా జరగాలి. అయినా వినోదపు డబ్బు వాటాదారుడి దగ్గరికి కాక విద్యార్థి దగ్గరికి పోయే దారి ఒకటి మన కళ్ళముందు ఎనభై ఏళ్ళకు పైగా ఉండగా, మనం కాలిఫోర్నియావైపు నోరు తెరుచుకుని చూస్తున్నాం.

రేపు మరో ఊరి పక్కన మరో పార్కు వస్తుంది. రోడ్డు వెయ్యమనీ, కరెంటు ఇమ్మనీ, పన్ను తగ్గించమనీ ప్రభుత్వం దగ్గరికి వస్తారు. అప్పుడు ఉపాధ్యాయ సంఘాలవారూ, విద్యార్థి సంఘాలవారూ అడగవలసినవి కొన్ని ఉన్నాయి. 48 అంగుళాల గీతకు ఇవతల ఎన్ని పెడుతున్నారు? వాటిలో పెద్దలూ పిల్లలూ పక్కపక్కన కూచునేవి ఎన్ని? ఎక్కనివారికి టిక్కెట్టు ఎంత? ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు ఏడాదిలో ఎన్ని రోజులు? యంత్రాలను తనిఖీ చేసేదెవరు, ఆ నివేదిక గేటు దగ్గర అంటిస్తారా? చెట్లకింద బెంచీలు ఎన్ని? పని పూర్తయి రిబ్బను కత్తిరించిన తరువాత అడిగితే వీటికి జవాబు రాదు. భూమి కాగితాలమీద సంతకం కాకముందు అడగాలి.